సర్కస్ అవెన్యూ తొమ్మిదో నెంబరు

2024 డిసెంబరు 2వ తేదీన అగర్తలాలో ఒక ఆందోళనకారుల గుంపు బంగ్లాదేశ్ అసిస్టెంట్ హైకమిషన్ ఆవరణలోకి చొచ్చుకొని పోయి, జెండాను దించి, ఆస్తికి నష్టం కలిగించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మన విదేశాంగ శాఖ ఆనాడే విచారం ప్రకటించింది. దౌత్య కార్యాలయాలు ఎట్టి పరిస్థితులలోనూ దాడులకు గురి కారాదని చెప్పింది. అంతకు నాలుగు రోజుల ముందు, నవంబరు 28న, కలకత్తాలోని బంగ్లాదేశ్ డిప్యూటీ హైకమిషన్ ఎదుట కూడా పెద్ద ప్రదర్శన జరిగింది. జెండాను తగులబెట్టారని ఢాకా అధికారికంగా నిరసన తెలిపింది. ఈ రెండు సంఘటనలపై రాజధానిలో వారం రోజులపాటు వాదోపవాదాలు సాగాయి. అక్కడి హిందువుల భద్రత, ఇక్కడి ప్రజల ఆగ్రహం, ఢాకాలో ఆగస్టు 5 తర్వాత ఏర్పడిన ప్రభుత్వం తీరు మొదలైనవన్నీ చర్చకు వచ్చాయి. రానిది ఒక్కటే. ఏ కార్యాలయం ఎదుట ఆ జెండాను తగులబెట్టారో, ఆ జెండా విదేశీ గడ్డమీద ఒక దౌత్య భవనంపై మొట్టమొదట ఎగిరింది అక్కడే. 1971 ఏప్రిల్ 18న దానిని అక్కడ ఎగురవేసినది ఒక పాకిస్తాన్ అధికారి. ఎగరనిచ్చినది భారత ప్రభుత్వం.

ఆ కథను కొంత వివరంగా చెప్పుకోవలసిన అవసరం నాకు కనిపిస్తున్నది. ఏడాది పొడుగునా చాణక్యపురి వీధులలో తిరిగే మా బోటి విలేఖరులకు రాయబార కార్యాలయం అంటే ఎత్తైన గోడ, ఇనుప ద్వారం, వీసా కోసం బారులు తీరిన జనం, జాతీయ దినోత్సవం నాటి విందు. బంగ్లాదేశ్ హైకమిషన్ నేడున్న వీధికి మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరే పెట్టారు. అక్కడి భవనానికి చెప్పుకోదగిన పూర్వకథ లేదు. కలకత్తా భవనం సంగతి వేరు. అది ఒక ప్రభుత్వం కంటె ముందు పుట్టిన రాయబార కార్యాలయం అన్నా అతిశయోక్తి కాదు. తనను గుర్తించే దేశం ప్రపంచంలో ఒక్కటైనా లేని ప్రభుత్వానికి ఎనిమిది నెలల పాటు అదే ముఖద్వారం.

దేశ రాజధాని 1911లో ఢిల్లీకి తరలిపోయినా, విదేశీ ప్రతినిధులు కలకత్తాను వదలలేదు. అసలు ఆ నగరంలో రాయబారుల చరిత్ర కంపెనీ కాలంనాటిది. అమెరికా అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1792లో బెంజమిన్ జాయ్ అనే వర్తకుని కలకత్తాకు కాన్సల్‌గా నియమించగా, ఈస్టిండియా కంపెనీ వారు ఆయనను కాన్సల్‌గా గుర్తించడానికి నిరాకరించి, వాణిజ్య ప్రతినిధిగా మాత్రం ఉండవచ్చునన్నారు. పంపినవాడి పత్రం ఎంత గొప్పదైనా, పుచ్చుకొనేవాడు ఒప్పుకుంటేనే రాయబారి రాయబారి అవుతాడు. అమెరికా కాన్సులేటు నేడున్న హారింగ్టన్ వీధికి హోచిమిన్ పేరు పెట్టి, వామపక్షాల వారు ఆ పాత లెక్కకు మరో రకం వడ్డీ కట్టారు. అది వేరే కథ.

మొన్నామధ్య కలకత్తా వెళ్ళినపుడు బెల్వెడేర్‌లోని నేషనల్ లైబ్రరీలో 1971 నాటి పత్రికలు తిరగవేశాను. లైబ్రరీకి దగ్గరలోనే నేపాల్ కాన్సులేటు ఉన్నది. డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకొని కొంత దూరం పోతే ఏక్‌బాల్‌పూర్ వస్తుంది. ఖిదిర్‌పూర్ రేవుకు ఆనుకొని ఉన్న ఇరుకు పేట అది. ఉర్దూ మాట్లాడే ముస్లిములు ఎక్కువ. రేవు పనికోసం బీహారు నుంచి, ఒడిశా నుంచి, మన ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు ఆ చుట్టుప్రక్కల స్థిరపడ్డారు. అక్కడి టీ దుకాణంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రేవులో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు కలిశారు. సర్కస్ అవెన్యూ మాట ఎత్తగానే, “అప్పుడు మేం కుర్రవాళ్ళం బాబూ. డిసెంబరులో కిటికీ అద్దాలకు నల్లరంగు పూసుకోమన్నారు. రేవు మీద బాంబు పడుతుందని భయం. ఊళ్ళో అమ్మ ఏడ్చి ఉత్తరం రాయించింది, వచ్చెయ్యమని. విశాఖపట్నం మీదకు మాత్రం పడదా ఏటి?” అని నవ్వారు. ఆయన నవ్వినదానిలో నిజం లేకపోలేదు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో మునిగినది విశాఖ తీరానికి సమీపంలోనే.

ఇక అసలు విషయం. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా నగరం మీద విరుచుకుపడింది. 31వ తేదీన మన పార్లమెంటు ఉభయ సభలూ ఇందిరా గాంధీ ప్రతిపాదించిన తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాయి. ఐదవ లోక్‌సభ ఏర్పడి పట్టుమని మూడు వారాలు కాలేదు. ఆ తీర్మానాన్ని పార్లమెంటు గ్రంథాలయంలో నేను ఒకటికి రెండుసార్లు చదివాను. చదవవలసిన పత్రమది. అందులో ఉన్నది “తూర్పు బెంగాల్” అనే మాట. “బంగ్లాదేశ్” అని కాదు. వారి పోరాటానికి హృదయపూర్వకమైన సానుభూతి, మద్దతు లభిస్తాయని హామీ ఇచ్చింది. ఎవరి మద్దతు? భారత ప్రజల మద్దతు. ప్రభుత్వం అన్న పదం ఆ వాక్యంలో లేదు. సభలో కరతాళ ధ్వనుల మధ్య ఈ తేడా ఎవరికీ పట్టి ఉండకపోవచ్చు గాని, రాసినవారికి మాత్రం బాగా తెలుసు. పొరుగు దేశపు ఆంతరంగిక వ్యవహారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదు. ప్రజలు సానుభూతి చూపవచ్చు. ఆ సందులో నుంచే తర్వాతి ఎనిమిది నెలల విధానమంతా నడిచింది.

మొదటి కదలిక ఢిల్లీలోనే వచ్చింది. ఏప్రిల్ 6న పాకిస్తాన్ హైకమిషన్‌లో సెకండ్ సెక్రటరీగా ఉన్న కె.ఎం. షెహాబుద్దీన్, పత్రికా విభాగంలో పనిచేస్తున్న అమ్జదుల్ హక్ పదవులు విడిచి బంగ్లాదేశ్ పక్షాన నిలిచారు. యాదృచ్ఛికమే అయినా గమనార్హమైన సంగతి ఒకటి ఉన్నది. సరిగ్గా అదే రోజున ఢాకాలోని అమెరికన్ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తన ప్రభుత్వ వైఖరిని నిరసిస్తూ తోటి ఉద్యోగులు సంతకాలు చేసిన తంతిని వాషింగ్టన్‌కు పంపాడు. దౌత్యవేత్తలు తమ ప్రభుత్వాలనే ధిక్కరించిన రోజుగా ఏప్రిల్ 6ను చెప్పుకోవచ్చు. అయితే షెహాబుద్దీన్, హక్‌లు చేసినది వ్యక్తులుగా బయటికి రావడం. భవనం, ఫైళ్ళు, సీల్లు అన్నీ పాకిస్తాన్ చేతిలోనే ఉండిపోయాయి. కలకత్తాలో జరిగినది దీనికి పూర్తిగా భిన్నం.

ఏప్రిల్ 10న తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటును ప్రకటించారు. 17వ తేదీన సరిహద్దుకు ఆవల, కుష్టియా జిల్లా మెహర్‌పూర్ వద్ద బైద్యనాథ్‌తలా అనే గ్రామంలో, ఒక మామిడితోపులో మంత్రుల ప్రమాణ స్వీకారం జరిగింది. విదేశీ విలేఖరులను తెల్లవారకముందే కలకత్తా ప్రెస్ క్లబ్బు నుంచి కార్లలో తీసుకుపోయారు. ఎక్కడికో వారికి ముందుగా చెప్పలేదు. నిర్బంధంలో ఉన్న షేక్ ముజిబుర్ రహమాన్ అధ్యక్షుడు. ఆయన స్థానంలో సయ్యద్ నజ్రుల్ ఇస్లాం తాత్కాలికంగా వ్యవహరిస్తారు. తాజుద్దీన్ అహ్మద్ ప్రధాని. ఖొందకర్ ముస్తాక్ అహ్మద్ విదేశాంగ మంత్రి. ఆ తోపుకు ముజీబ్‌నగర్ అని పేరు పెట్టి అందరూ ఆ సాయంత్రానికి కలకత్తా చేరుకున్నారు. రాజ్యాంగం ప్రకారం రాజధాని ముజీబ్‌నగర్. వాస్తవంలో రాజధాని థియేటర్ రోడ్డు ఎనిమిదో నెంబరు. నేడు అక్కడ అరవిందభవన్ ఉన్నది.

ఆ మరునాడే సర్కస్ అవెన్యూలో జెండా మారింది. పాకిస్తాన్ డిప్యూటీ హైకమిషనర్‌గా కలకత్తాలో ఉన్న ఎం. హుసేన్ అలీ, తన క్రింద పనిచేసే బెంగాలీ ఉద్యోగులందరితో కలిసి పాకిస్తాన్ జెండా దించి, ఆకుపచ్చ రంగుపై ఎర్రని వృత్తం, అందులో పసుపు పచ్చని తూర్పు బెంగాల్ పటం ఉన్న కొత్త జెండాను ఎగురవేశాడు. అరవై మందికి పైగా ఉద్యోగులు. చిన్న గుమాస్తాలు, డ్రైవర్లు, బంట్రోతులు కూడా అందులో ఉన్నారు. వారి భార్యాబిడ్డలు కొందరు ఇక్కడ, బంధువులు అందరూ అక్కడ. సైన్యం చేతిలో ఉన్న పల్లెలలో తల్లిదండ్రులను పెట్టుకొని ఈ పని చేయడం తేలిక కాదు. ఉద్యోగం పోతే జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్న కూడా ఉన్నది. హుసేన్ అలీ ముందుగా తాజుద్దీన్‌ను రహస్యంగా కలుసుకొని మాట తీసుకున్నాడనీ, కార్యాలయపు బ్యాంకు ఖాతాలోని సొమ్మును సకాలంలో భద్రపరిచాడనీ ఆనాటి వ్యవహారంలో పాలుపంచుకొన్నవారు తరువాత రాసుకున్నారు. దేశభక్తికి జమాఖర్చుల పుస్తకంతో పని లేదనుకునేవారు ఇది చదివి చిన్నబుచ్చుకోవచ్చు. నాకైతే హుసేన్ అలీ మీద గౌరవం పెరిగింది. అరవై కుటుంబాల పెద్దగా ఆలోచించాడు.

హైదరాబాదు పాఠకులకు ఇక్కడ మరొక బ్యాంకు ఖాతా జ్ఞాపకం రాక మానదు. 1948 సెప్టెంబరు 17న నిజాం సైన్యం లొంగిపోయింది. మూడు రోజుల తర్వాత, 20వ తేదీన, లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వ ఖాతా నుంచి పది లక్షల పౌండ్లకు పైచిలుకు సొమ్మును నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేర మార్పించాడు. నిజాం వారం తిరగకుండానే ఆ బదిలీ తన ఆజ్ఞ ప్రకారం జరగలేదనీ, సొమ్ము వెనక్కు ఇవ్వమనీ కోరాడు. బ్యాంకు కదలలేదు. 1957లో ప్రభువుల సభ పాకిస్తాన్ సార్వభౌమాధికార రక్షణను అంగీకరించడంతో కేసు ఆగిపోయింది. చివరకు 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము పాకిస్తాన్‌ది కాదని తీర్పు చెప్పేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. డెబ్బయి ఒక్క ఏళ్ళు! రాజ్యాలు మారే గడియలో రాయబారి చేతిలో ఉన్న చెక్కుబుక్కుకు ఎంత విలువ ఉంటుందో చెప్పడానికి ఇంతకంటె వేరే దృష్టాంతం అక్కరలేదు. ఒకచోట రాజ్యం పోయిన తర్వాత సొమ్ము మారింది. మరొకచోట రాజ్యం రాకముందే మారింది.

సర్కస్ అవెన్యూ వ్యవహారం ఢిల్లీకి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం రాయబార కార్యాలయం అనతిక్రమ్యం. కార్యాలయాధిపతి అనుమతి లేనిదే ఆతిథేయ దేశపు పోలీసు గుమ్మం దాటరాదు. దానిని కాపాడవలసిన ప్రత్యేక బాధ్యత కూడా ఆ దేశానిదే. ఇంతవరకు స్పష్టమే. కాని కార్యాలయాధిపతే జెండా మార్చివేస్తే? అతడు ఇక అధిపతి కాడనుకుంటే, గుమ్మం దాటడానికి అనుమతి ఇవ్వవలసినది ఎవరు? అధిపతేననుకుంటే, ఏ రాజ్యానికి? ఒప్పందం రాసినవారు ఈ అవస్థను ఊహించలేదు. ఆ ఒప్పందానికి మన దేశంలో చట్టరూపం ఇచ్చినది కూడా 1972లో మాత్రమే. 1971 ఏప్రిల్‌లో సౌత్ బ్లాకు వారి ముందు ఉన్నది ఒక ఒప్పందం, ఒక తీర్మానం, కలకత్తా వీధులలో ఉప్పొంగుతున్న జనం.

పాకిస్తాన్ వెంటనే మెహదీ మసూద్ అనే అధికారిని కొత్త డిప్యూటీ హైకమిషనర్‌గా పంపింది. ఆయన కలకత్తాలో దిగాడు గాని, తన కార్యాలయంలో అడుగు పెట్టలేకపోయాడు. ఆయనకు వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిగాయి. భవనం ఖాళీ చేయించి అప్పగించమని ఇస్లామాబాదు డిమాండు చేసింది. ఇది పాకిస్తాన్‌కూ దాని ఉద్యోగులకూ మధ్య తగవు, బలప్రయోగంతో మేము వారిని వెళ్ళగొట్టలేము అన్నది ఢిల్లీ సమాధానపు సారాంశం. న్యాయశాస్త్రం దృష్ట్యా ఈ సమాధానం బలహీనమైనదని ఒప్పుకోక తప్పదు. కాగితం మీద అప్పటికి మనం గుర్తించిన రాజ్యం పాకిస్తాన్ ఒక్కటే. ఆ భవనానికి మనం ఇచ్చిన దౌత్య హోదా కూడా దాని పేరనే. అయినా ఆ రోజున కలకత్తా పోలీసులను పంపి, హత్యాకాండను నిరసించిన ఆ ఉద్యోగులను మెడబట్టి గెంటించి, ఆ భవనాన్ని యాహ్యాఖాన్ ప్రతినిధికి అప్పగించి ఉంటే అది న్యాయం అనిపించుకునేది కాదు. ఢిల్లీ సరియైన పనే చేసింది. నిబంధన ప్రకారం మాత్రం చేయలేదు. ఈ రెండు వాక్యాలనూ ప్రక్కప్రక్కన పెట్టుకోవడానికి మన వ్యాఖ్యాతలు ఎందుకు జంకుతారో నాకు బోధపడదు.

పాకిస్తాన్ ప్రతిచర్య వెనువెంటనే వచ్చింది. కలకత్తా కార్యాలయాన్ని తాము మూసివేస్తున్నామనీ, ఢాకాలోని భారత డిప్యూటీ హైకమిషన్‌ను ఏప్రిల్ 26 నాటికి మూసివేయవలసిందనీ ఆదేశించింది. కె.సి. సేన్‌గుప్తా నాయకత్వంలో ఉన్న మన ఉద్యోగులు, వారి కుటుంబాలు ఢాకాలో దాదాపు బందీలైపోయారు. ఇక్కడ మెహదీ మసూద్, ఆయనతో ఉన్న పశ్చిమ పాకిస్తాన్ వారు ఉండిపోయారు. సర్కస్ అవెన్యూలోని బెంగాలీ ఉద్యోగులు బలవంతం వల్లనే ఉండిపోయారు, వారిలో ఒక్కొక్కరినీ తమ అధికారి విడిగా ప్రశ్నించాలి అని పాకిస్తాన్ పట్టుబట్టింది. వారాలు నెలలయ్యాయి. చివరకు స్విట్జర్లాండ్ మధ్యవర్తిత్వం వహించింది. ఆ ఉద్యోగులను జులైలో స్విస్ ప్రతినిధి సమక్షంలో ప్రశ్నించగా, దాదాపు అందరూ తాము స్వేచ్ఛగానే బంగ్లాదేశ్ పక్షాన నిలిచామని, పాకిస్తాన్‌కు తిరిగి వెళ్ళబోమని చెప్పారు. ఆగస్టులో గాని రెండు వైపులవారూ ఇళ్ళు చేరలేదు. ఢాకాలో ఆ మూడున్నర నెలలు గడిపిన మన గుమాస్తాల భార్యాపిల్లల గురించి ఎక్కడా పెద్దగా రాయలేదు. విజయగాథలలో అటువంటివారికి స్థానం ఉండదు.

భవనం లోపల ఏమి జరిగినదన్నది మరింత ఆసక్తికరం. తాత్కాలిక ప్రభుత్వపు విదేశాంగ శాఖ అక్కడే మకాం పెట్టింది. లండన్‌లో, వాషింగ్టన్‌లో, ఇతర రాజధానులలో పాకిస్తాన్ కొలువు వదులుకొని వచ్చిన బెంగాలీ అధికారులతో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ అక్కడినుంచే. అక్టోబరు మొదటి వారంలో ఢిల్లీ పాకిస్తాన్ హైకమిషన్‌లో కౌన్సిలరుగా ఉన్న హుమాయూన్ రషీద్ చౌధురీ బయటికి వచ్చి ఇక్కడి బంగ్లాదేశ్ ప్రతినిధి అయ్యాడు. పదిహేనేళ్ళ తర్వాత ఐక్యరాజ్యసమితి సాధారణ సభకు అధ్యక్షుడైనది ఈయనే.

అదే కప్పు క్రింద మరొక నాటకం కూడా నడిచింది. విదేశాంగ మంత్రి ఖొందకర్ ముస్తాక్‌కు తాజుద్దీన్‌తో మొదటినుంచీ పొసగలేదు. అవామీ లీగ్ సభ్యుడు జహీరుల్ ఖయ్యూం అనే ఆయన జులై చివరలో కలకత్తాలోని అమెరికన్ కాన్సులేటుకు వెళ్ళి, ముజీబ్‌ను విడుదల చేసి చర్చలకు పిలిస్తే పూర్తి స్వాతంత్ర్యానికి తక్కువైన పరిష్కారానికి కూడా తాము సిద్ధమని ముస్తాక్ తరఫున సూచించాడు. దశాబ్దాల తర్వాత అమెరికా ప్రభుత్వం విడుదల చేసిన పత్రాలలో ఈ సంభాషణలు ఉన్నాయి. కిసింజర్ తన జ్ఞాపకాలలో కూడా ఈ సంప్రదింపులను ప్రస్తావించాడు. సరిహద్దుకు ఈవల లక్షలాది కాందిశీకులు బురదలో పడి ఉన్నారు, కలరాతో చనిపోతున్నారు. ఆ సమయంలో, హోచిమిన్ పేరు పెట్టిన వీధిలోని కార్యాలయంలో కూర్చొని నిక్సన్ ప్రభుత్వంతో ఈ మంతనాలు! సంగతి ఢిల్లీకి, తాజుద్దీన్‌కు తెలిసిపోయింది. ఆ శరత్కాలంలో న్యూయార్క్ వెళ్ళిన ప్రతినిధి వర్గానికి విదేశాంగ మంత్రి కాక, న్యాయమూర్తి అబూ సయీద్ చౌధురీ నాయకత్వం వహించాడు. డిసెంబరు ముగియకముందే ముస్తాక్‌కు ఆ శాఖ పోయింది. అయితే మనిషి పోలేదు. 1975 ఆగస్టు 15 తెల్లవారుజామున ముజీబ్‌ను కుటుంబసమేతంగా హతమార్చిన తర్వాత అధ్యక్ష పదవిలో కూర్చున్నది ఆ ముస్తాకే. సర్కస్ అవెన్యూలో విదేశాంగ కార్యదర్శిగా ఆయనకు కుడిభుజంగా ఉన్న మహబూబ్ ఆలం చాషీ మళ్ళీ ఆయన ప్రక్కన ప్రత్యక్షమయ్యాడు. బంగ్లాదేశ్ పుట్టుకనూ, దాని మొదటి విషాదాన్నీ ఒకే ఇంటి నుంచి చూడవచ్చునని ఒక మిత్రుడు అన్నాడు. కొంత అతిగా చెప్పాడేమో గాని, పూర్తిగా తప్పు కాదు.

గుర్తింపు విషయంలో ఢిల్లీ ఎందుకంత ఆలస్యం చేసిందన్న ప్రశ్న ఆ వేసవిలో సభలో పదే పదే వినిపించింది. జనసంఘ్ ఆగస్టులో దీనిపై సత్యాగ్రహమే నడిపింది. జయప్రకాశ్ నారాయణ్ సెప్టెంబరులో ఢిల్లీలో అంతర్జాతీయ సమ్మేళనం జరిపారు. సర్కస్ అవెన్యూలో జెండా ఎగురుతున్నపుడు ఆ ప్రభుత్వాన్ని గుర్తించడానికి అడ్డేమిటని వారి వాదం. ఆ వాదంలో ఆవేశం ఉన్నది గాని లెక్క లేదు. తన భూభాగంపై అధికారం లేని ప్రభుత్వాన్ని గుర్తిస్తే అది యుద్ధ ప్రకటనతో సమానం. వర్షాకాలంలో నదులు పొంగుతున్నవి. హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోవడానికి ఇంకా నెలలున్నవి. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినది ఆగస్టు 9న. అంతవరకు సర్కస్ అవెన్యూ జెండాను ఢిల్లీ చూసీ చూడనట్లు ఊరుకుంది. రాయబారం ఉన్నది, రాజ్యం లేదు!

ఆనాడు కొందరు గుసగుసలాడుకున్న ప్రశ్న మరొకటి ఉన్నది. అది తెలుగువారికి సంబంధించినది. ఆ మార్చి ఎన్నికలలోనే తెలంగాణ ప్రజా సమితి ఆ ప్రాంతపు 14 లోక్‌సభ స్థానాలలో 10 గెలుచుకున్నది. ఇంట్లో వేర్పాటు కేకలు వినపడుతుండగా, పొరుగింటి వేర్పాటును ఎట్లా దీవిస్తారని వెక్కిరించినవారున్నారు. ఈ పోలిక నిలవదు. తెలంగాణ వారు అడిగినది రాజ్యాంగం లోపల ఒక రాష్ట్రం. గెలిచిన సభ్యులు పార్లమెంటుకు వచ్చి ప్రమాణం చేసి కూర్చున్నారు. తూర్పు బెంగాల్‌లో గెలిచినవారిని సభలో కూర్చోనివ్వకుండా సైన్యాన్ని పంపారు. తేడా అంతా ఆ కుర్చీల దగ్గర ఉన్నది. ఇస్లామాబాదు పాలకులకు ఈ చిన్న సంగతి బోధపడి ఉంటే, సర్కస్ అవెన్యూలో జెండా మారవలసిన అవసరమే వచ్చేది కాదు.

డిసెంబరు 3న యుద్ధం వచ్చింది. రాష్ట్రపతి వి.వి. గిరి అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 6వ తేదీన ఇందిరా గాంధీ లోక్‌సభలో గుర్తింపు ప్రకటన చేశారు. కొత్త రాజ్యం పేరు గణ ప్రజాతంత్రి బంగ్లాదేశ్ అని సభకు తెలిపారు. అదే రోజున పాకిస్తాన్ మనతో దౌత్య సంబంధాలు తెంచుకొన్నది. ఎనిమిది నెలలపాటు ఏ హోదా లేని ఆ కలకత్తా కార్యాలయానికి ఆ ఉదయం హోదా వచ్చింది. 16న ఢాకాలో లొంగుబాటు. హుసేన్ అలీ తర్వాతి కాలంలో వాషింగ్టన్‌లో బంగ్లాదేశ్ రాయబారి అయ్యాడు. పాకిస్తాన్ మాత్రం 1974 ఫిబ్రవరిలో, లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల శిఖరాగ్ర సభ సందర్భంలో గాని బంగ్లాదేశ్‌ను గుర్తించలేదు.

అప్పటినుంచి ఆ భవనం బంగ్లాదేశ్ డిప్యూటీ హైకమిషన్‌గా కొనసాగుతూ వచ్చింది. వీధికి ముజీబ్ పేరు పెట్టారు. వైద్యానికి, పెళ్ళిబట్టలకు, బంధువులను చూడడానికి రాకపోకలు సాగించే సామాన్యులకు అది చరిత్ర కాదు, ముద్ర వేయించుకునే చోటు. 2008లో కలకత్తా, ఢాకాల మధ్య మైత్రీ రైలు మొదలైనది. ఢాకాలో విద్యార్థుల ఆందోళన చెలరేగిన 2024 జులైలో అది ఆగిపోయింది. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి ఢిల్లీ చేరిన తర్వాత, ఆమె తండ్రి విగ్రహాలను స్వదేశంలోనే కూలదోశారు. కలకత్తాలో ఆయన పేరుగల వీధిలో, ఆయనను జాతిపితగా భావించని ప్రభుత్వపు ప్రతినిధులు కూర్చొనవలసి వచ్చింది. చరిత్ర ఇటువంటి పరిహాసాలు చేస్తూ ఉంటుంది. జెండా మాత్రం, నడుమనున్న పసుపు పటం తొలగించిన తర్వాత, 1972 నుంచీ అదే.

అక్కడి మైనారిటీల పట్ల జరిగిన దౌర్జన్యాలపై ఇక్కడి ప్రజలకు ఆగ్రహం కలగడంలో తప్పు లేదు. ప్రదర్శన చేసే హక్కు కూడా ఉన్నది. కాని ఆగ్రహం గేటు దాటి లోపలికి పోయినపుడు ఎవరికి నష్టమో ఆలోచించాలి. ఢాకాలో, చిట్టగాంగులో, రాజ్‌షాహీలో, సిల్హెట్‌లో, ఖుల్నాలో మన కార్యాలయాలు ఉన్నాయి. 1971లో సేన్‌గుప్తా, ఆయన సహచరులు అనుభవించిన నిర్బంధాన్ని తలచుకుంటే, అగర్తలాలో జెండా కర్ర విరిచినవారు ఎవరి ప్రాణాలతో జూదమాడారో తెలుస్తుంది. అంతేకాదు, ఢాకాలో ఏ సంఘటన జరిగినా ఇక్కడ ఏక్‌బాల్‌పూర్ వంటి పేటల వైపు వేళ్ళు చూపించే ప్రసంగాలు మొదలవుతాయి. పద్మా నది ఎటు ప్రవహిస్తుందో కూడా తెలియని రేవు కూలీల బిడ్డలు దేనికో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. 2022 అక్టోబరులో ఆ పేటలో, ప్రక్కనే ఉన్న మోమిన్‌పూర్‌లో జరిగిన అల్లర్ల తాలూకు భయం ఇంకా పూర్తిగా పోలేదని అక్కడివారి మాటలలో నాకు తెలిసింది.

అగర్తలా సంఘటన తర్వాత ఏడుగురిని అరెస్టు చేశారు. విధులలో ఉన్న పోలీసులపై చర్య తీసుకున్నారు. మూసివేసిన వీసా సేవలు 2025 ఫిబ్రవరి 5న అక్కడ తిరిగి మొదలయ్యాయి. శాంతిభద్రతలు రాష్ట్రాలవి, దౌత్య బాధ్యత కేంద్రానిది. విదేశీ కార్యాలయం ఎదుట ఎందరిని, ఎంత దూరంలో ఆపాలో నిర్ణయించేది మాత్రం చాలాసార్లు ఆ పూట డ్యూటీలో ఉన్న సబ్ ఇన్‌స్పెక్టరు. 1972 నాటి దౌత్య సంబంధాల చట్టం వియన్నా ఒప్పందంలోని వాక్యాలను మన చట్టాల గ్రంథంలో చేర్చింది గాని, ఆ సబ్ ఇన్‌స్పెక్టరుకు ఎవరు ఆజ్ఞ ఇవ్వాలో చెప్పలేదు. పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయంలో ఈ సంగతి అడిగిన సభ్యుడు నాకు ఇంకా కనిపించలేదు. అడిగితే విదేశాంగ శాఖ హోం శాఖ వైపు, హోం శాఖ రాష్ట్రం వైపు చూస్తాయని మాత్రం ముందుగానే చెప్పవచ్చు.